కండక్టరు సంచికి కాలం కలిసొచ్చింది!

మంచేనహళ్ళి: గౌరిబిదనూరు - చిక్కబళ్ళాపురం దారిలో పాత బస్సులెక్కినోళ్ళకు కండక్టరు భుజాన వేలాడిన తోలు సంచి గుర్తుండే ఉంటుంది. లోపల చిల్లర గలగల, చెమటకు నల్లబడిన పట్టీ, చెయ్యి తగిలి తగిలి నునుపు తేలిన మూత. అచ్చం అలాంటి సంచే ఇప్పుడు బెంగళూరు మాల్స్‌లో అద్దాల వెనక దర్జాగా వేలాడుతోంది. పేరు మాత్రం 'వింటేజ్ షోల్డర్ బ్యాగ్'. పోస్టుమేను సంచి పోలికలుంటే 'మెసెంజర్ బ్యాగ్' అట!

పాత సంచులకు మళ్ళీ గిరాకీ రావడం ఇక్కడి ముచ్చటే కాదు. జాక్విలిన్ కెన్నెడీ పేరుతో ప్రసిద్ధమైన సంచిని ఇటలీ కంపెనీ గుచ్చి 2020లో 'జాకీ 1961'గా మళ్ళీ తెచ్చింది. ఇత్తడి తాళం కప్పతో 2005లో ఊపేసిన 'ప్యాడింగ్టన్' బ్యాగును ఫ్రాన్స్ కంపెనీ క్లోయి 2025లో తిరిగి దించింది. మన పక్కన చూస్తే, పుదుచ్చేరిలో 1978లో దిలీప్ కపూర్ ప్రారంభించిన హైడిజైన్ మొదట్నుంచీ చెట్ల బెరడుతో పదును చేసిన తోలునే నమ్ముకుంది.

తంగేడు చెక్కతో..

బెరడుతో పదును మనకు కొత్తదేం కాదు. మన దగ్గర వాడింది గుట్టల మీద పచ్చగా పూసే తంగేడే. పచ్చి తోలును సున్నపు నీళ్ళలో నానబెట్టి, బొచ్చు గీకి, తంగేడు చెక్క వేసిన లందలో వారాల తరబడి ఊరబెట్టేవాళ్ళు. చివర కరక్కాయ నీళ్ళు. దక్షిణాదిలో ఇలా పదునైన సరుకే 'ఈస్ట్ ఇండియా తోలు'గా సీమకు ఓడలెక్కింది. ఊళ్ళో మిగిలిన తోలు కపిల బానలుగా, చెప్పులుగా మారేది. కుట్టినోళ్ళకు కళ్ళంలో నాలుగు చేరల మేర గింజలు. అంతే.

తర్వాత క్రోమియం ఉప్పులొచ్చాయి. వారాల పని ఒకట్రెండు రోజుల్లో తేలిపోయింది. కపిలల చోట మోటార్లు, తోలు చోట ప్లాస్టిక్కు. లందలు ఎండిపోయాయి. ఆ వాసన భరించలేమనే కదా వాళ్ళను ఊరి బయట పెట్టింది! అదే తోలు వాసనను ఇప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుని 'ఒరిజినల్' అంటున్నారు. సంచి తిరిగొచ్చింది సరే. కుట్టినోళ్ళ ఇంటికి దాని డబ్బు ఎంత చేరుతోంది?

అడిగితే కొంతైనా కదలిక ఉంటుందని 2025లో తేలింది. కొల్హాపురి చెప్పులను పోలిన జోళ్ళను ప్రాడా కంపెనీ మిలాన్ ప్రదర్శనలో ఎవరి పేరూ చెప్పకుండా చూపింది. గొడవయ్యాక మూలం ఒప్పుకుంది. అదే ఏడాది డిసెంబరులో మహారాష్ట్ర చర్మకార సంస్థతోనూ, మన కర్ణాటక 'లిడ్కర్'తోనూ ఒప్పందానికి దిగింది. 1976 నాటి ఈ లిడ్కర్‌కు నటుడు డాలీ ధనంజయ 2023లో ప్రచారకర్త అయ్యారు. తోలు సంచి కావాలంటే వాళ్ళ అంగడీ ఒకసారి చూడొచ్చు.

కొనేముందు అంచు చూడండి. బెరడు తోలైతే కోసిన చోట లోపలిదాకా గోధుమ రంగే ఉంటుంది. క్రోమ్ తోలులో తరచూ నీలి బూడిద చాయ కనిపిస్తుంది. బెరడు తోలు ఎండకు, చేతి జిడ్డుకు రంగు ముదురుతుంది. అది లోపం కాదు, దాని అందమే.

అటక మీద తాతగారి సంచి ఉంటే మాత్రం కొత్తది ఎందుకు? పట్టీ తెగితే బస్టాండు దగ్గర ఆరె పట్టుకు కూర్చునే పెద్దాయనకు ఇవ్వండి. మాల్‌లో బేరమాడరు కదా, అక్కడా ఆడకండి. పొడిగుడ్డతో తుడిచి, కిర్రు చెప్పులకు పట్టించినట్టే రెండు చుక్కల ఆముదం రాయండి. ముందు మూల మీద రాసి చూడండి, మరక పడొచ్చు. ప్లాస్టిక్ కవర్లో మాత్రం కట్టిపెట్టొద్దు, బూజు పడుతుంది.