లక్క గాజు వెనుక ఉద్దెర ఖాతా

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో మనం కొనే లక్క గాజు ఒక్క చేతి పని కాదు. ఒకరు లక్కను బొగ్గుల మీద వేడిచేసి, సాగదీసి గాజు చుడతారు. రాళ్లు అద్దేది మరొకరు, తరచుగా ఇంటి దగ్గరి ఆడవాళ్లు. దుకాణదారు అమ్ముతారు. వీరందరినీ కలిపేది నోటిమాట, ఉద్దెర ఖాతా. పైన సొమ్ము ఆగితే ఆ బరువు చివరికి రాళ్లు అద్దే ఇంటి మీదే పడుతుంది. బడిలో పనిచేసే మాకు అది హాజరుపట్టీలో కనిపిస్తుంది: ముందు ఫీజు ఆగుతుంది, తరువాత పెద్దపిల్ల రావడం మానేస్తుంది.

2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ గుర్తింపు వచ్చింది. సంతోషమే, కానీ అది బాకీలు వసూలు చేయదు కదా! అందుకు వేరే చట్టం ఉంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం, ఉద్యమ్‌లో నమోదైన చిన్న తయారీదారుకు కొన్నవారు 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు దాటకూడదు. నమోదుకు రుసుము లేదు.

మన దాతల్లో దుకాణదారులూ ఉన్నారు. జకాత్ వేరు, బాకీ వేరు. రంజాన్ సరుకు డబ్బు పండుగకు ముందే పనివారికి ముట్టజెప్పమని కోరుతున్నాం. ఉద్యమ్ నమోదుకు మేము సాయం చేస్తాం, ఆధార్, పాన్ తెచ్చుకుంటే చాలు.