ఇయాగో వంచన: 'ఒథెల్లో' నాటకంలో చేతిరుమాలు చేతులు మారిన తీరు

షేక్‌స్పియర్ 'ఒథెల్లో' నాటకం 1604లో ఇంగ్లాండు రాజాస్థానంలో ప్రదర్శితమైంది. ఇటలీ రచయిత చింతియో 1565లో ప్రకటించిన సంపుటిలోని ఒక కథ దీనికి మూలం. ఆ కథకు షేక్‌స్పియర్ చేసిన మార్పులను పరిశీలిస్తే, ప్రతినాయకుడైన ఇయాగో వంచన నాయకుని పతనానికి ఎలా దారితీసిందో స్పష్టమవుతుంది.

చింతియో కథలోని ప్రతినాయకుడు నాయికను కామించి, ఆమె లక్ష్యపెట్టనందున పగబూనుతాడు. ఆమె తన బిడ్డను ఎత్తుకొని ఉన్న సమయంలో రుమాలును స్వయంగా దొంగిలిస్తాడు. హత్యలోనూ పాల్గొంటాడు. అతని భార్యకు కుట్ర తెలిసినా భయంతో నోరు విప్పదు.

నాటకంలో ఈ పనులు ఇతరుల చేతుల్లోకి వెళ్లాయి. తలనొప్పిగా ఉందన్న భర్త నుదుటికి డెస్డిమోనా రుమాలు కట్టబోతుంది. ఒథెల్లో దానిని తోసివేస్తాడు. అది నేలపై పడుతుంది. తొలి ప్రేమకానుకగా తానిచ్చిన రుమాలు జారిపోవడానికి అతడే కారకుడు కావడం గమనార్హం. భర్త పలుమార్లు అడిగినందున ఎమీలియా దానిని తీసి అతనికి అందిస్తుంది. ఇయాగోకు దొంగతనం చేయవలసిన అవసరమే కలగలేదు.

అతని మాటల తీరు కూడా ఇటువంటిదే. తృతీయాంకం మూడవ రంగంలో, డెస్డిమోనా వద్దనుండి కేసియో వెళ్లిపోవడం చూసి ఏదో గొణుగుతాడు. ఏమన్నావని ఒథెల్లో అడిగితే ఏమీ లేదంటాడు. ఒథెల్లో ప్రశ్నలనే తిరిగి ఉచ్చరిస్తాడు. పైగా, అసూయకు లోనుకావద్దని హితవు చెబుతాడు! దీనిని మనం 'చాడీలు చెప్పడం' అనలేము. చాడీకోరు అడగకుండానే చెబుతాడు. ఇయాగో ఎదుటివాడు పట్టుబట్టి అడిగే వరకు ఆగుతాడు. తాను బలవంతంగా రాబట్టిన మాటను ఒథెల్లో ఎలా శంకించగలడు?

ఒథెల్లో ప్రత్యక్ష ప్రమాణం కోరిన తర్వాతే కేసియో కలవరింతల వంటి పచ్చి అబద్ధాలు వస్తాయి. చతుర్థాంకంలో ఆ ప్రత్యక్షం కూడా సమకూరుతుంది. బియాంకా ప్రస్తావనకు కేసియో నవ్వుతాడు. దూరంగా నిలిచి చూస్తున్న ఒథెల్లో ఆ నవ్వు తన భార్యను గూర్చినదే అనుకుంటాడు. కన్ను చూసినది నిజమే, దానికి అర్థం మాత్రం ముందే నిర్ణయమైపోయింది.

ఇయాగో ద్వేషానికి కారణమేమిటన్న చర్చ కోల్‌రిడ్జ్ కాలం నుండీ సాగుతోంది. పదవి కేసియోకు దక్కడం, ఎమీలియాపై అనుమానం అతడే చెప్పుకున్న కారణాలు. అయితే పతనాన్ని నడిపినది కారణం కంటే అతని పద్ధతే అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కేసియో కోసం వేడుకొనే డెస్డిమోనా దయ, ఇయాగో నిజాయితీపరుడన్న లోకం నమ్మకం, రెండూ అతనికి పనిముట్లే.

ఈ పద్ధతిలోని లోపం ఎమీలియా వద్ద బయటపడుతుంది. రుమాలు ఎక్కడని యజమానురాలు అడిగినప్పుడు తెలియదన్న ఆమెకు, దాని వినియోగం మాత్రం నిజంగానే తెలియదు. పంచమాంకంలో ఒథెల్లో నోట రుమాలు మాట వినగానే ఆమె జరిగినదంతా చెప్పేస్తుంది. అంతవరకు ఇతరుల చేతులతో నెట్టుకొచ్చిన ఇయాగో, ఆమెను ఆపడానికి అందరి ఎదుటా తానే కత్తి దూస్తాడు.