క్రియాటినిన్ 1.2... ఎవరికి నార్మల్?

మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు వైపు నుంచి వచ్చే రైళ్లు చాలావరకు కాచిగూడకే చేరతాయి. 1916లో నిజాం కాలంలో కట్టిన ఆ స్టేషన్‌ బయట రిపోర్టుల కవరు చంకన పెట్టుకుని ఉస్మానియా దవాఖానకు ఆటో మాట్లాడుకునేవాళ్లు కొత్త కాదు. కిడ్నీ జబ్బుతో వచ్చినవారి కవరు తిరగేస్తే ఒక్కోసారి కడుపు తరుక్కుపోతుంది. జబ్బు నాలుగైదేళ్ల కిందటి కాగితంలోనే ఉంటుంది. పక్కన ‘నార్మల్’ అని ఉండటంతో ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

క్రియాటినిన్ 1.2 అనుకుందాం. పాతికేళ్ల కుర్రాడికైతే ఆ లెక్కన కిడ్నీ వడపోత వేగం, అంటే ఈజీఎఫ్‌ఆర్‌, సుమారు 86. ఫరవాలేదు. అదే 1.2 అరవై అయిదేళ్ల అమ్మకు వస్తే లెక్క 50కి పడిపోతుంది. క్రియాటినిన్ కండరాల్లోంచి వచ్చే వ్యర్థం. కండ తక్కువున్న ఒంట్లో అంకె చిన్నగానే కనిపించి మోసం చేస్తుంది. ఈజీఎఫ్‌ఆర్‌ 60 కంటే తక్కువగా మూడు నెలలకు మించి ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందే లెక్క. కాబట్టి రిపోర్టు చూపించేటప్పుడు ‘క్రియాటినిన్ ఎంత’ అని ఆగిపోకుండా ‘ఈజీఎఫ్‌ఆర్‌ ఎంత, పోయినేడాది ఎంత’ అని అడగాలి.

రెండో పరీక్ష మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ది. షుగర్‌వాళ్లలో క్రియాటినిన్ కదలకముందే ఇది బయటపడుతుంది. షుగర్ గానీ బీపీ గానీ ఉంటే ఏడాదికోసారి ఈ రెండూ చేయించుకోవాలి. నొప్పి రాలేదు కదా అని ఊరుకుంటే కుదరదు. ఈ జబ్బు నొప్పి పెట్టదు. కాళ్ల వాపు, ఆయాసం, వాంతులు వచ్చేసరికి చాలా దూరం పోయి ఉంటుంది.

ఇక మన మెడికల్ షాపుల సంగతి. “అన్నా, మోకాళ్ల నొప్పులకు రెండు గోలీలియ్యి.” చీటీ అడగరు, షుగర్ ఉందా అని అడగరు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. బీపీ మాత్ర, నీరు పోయే మాత్ర వేసుకుంటూ మే నెల ఎండలో విరేచనాలై ఒళ్లు ఎండిపోయిన మనిషి వీటిని మింగితే కిడ్నీ రెండు మూడు రోజుల్లోనే చతికిలబడొచ్చు. ఏం కలిపారో తెలియని భస్మాలదీ అదే దారి.

జబ్బు ముదిరేది మందులు లేక కాదు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి బీపీని తగ్గించడమే కాదు, ఆల్బుమిన్ కారడాన్నీ అడ్డుకుంటాయి. మొదలుపెట్టగానే క్రియాటినిన్ కాస్త పెరగొచ్చు. అది చూసి హడలిపోయి సొంతంగా మానేసేవాళ్లున్నారు. పెరుగుదల 30 శాతం లోపుంటే సాధారణంగా కొనసాగిస్తారు, ఆ నిర్ణయం డాక్టరుది. షుగర్ మందుగా వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్, షుగర్ లేనివారిలోనూ కిడ్నీ క్షీణతను నెమ్మదింపజేస్తుందని 2020లో తేలింది. ఆ తర్వాత మన దేశంలో పేటెంట్ గడువు తీరి ధర బాగా దిగింది. అయినా చాలామంది దాని పేరే వినలేదు.

తిండిలో మొదటి దోషి ఉప్పు. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ ఒకే పూట పళ్లెంలోకి వస్తే ఆ కోటా దాదాపు అక్కడే ఖర్చు. కిడ్నీ జబ్బున్నవారు ‘లో సోడియం’ ఉప్పుకు మారడమూ ప్రమాదమే, అందులో పొటాషియం ఉంటుంది. పొటాషియం పెరిగినవారికి కొబ్బరి నీళ్లు సైతం గుండెకు చేటు. పెరగనివారు అరటిపండు మానాల్సిన పని లేదు. నీళ్లు ఎంత తాగితే అంత మంచిదన్న మాటా అందరికీ వర్తించదు.

షుగర్, బీపీ లేకుండానే వచ్చే కిడ్నీ జబ్బు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఉంది. కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో దశాబ్దాలుగా మనుషులను తింటోంది, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో వచ్చింది.

ఈజీఎఫ్‌ఆర్‌ 15 కంటే దిగితే డయాలసిస్, లేదా మార్పిడి మాట వస్తుంది. ఆరోగ్యశ్రీలో డయాలసిస్ ఉచితం. మార్పిడికి కిడ్నీ కావాల్సినవారు ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవచ్చు. కానీ డయాలసిస్‌కు చేతిలో ఫిస్టులా నెలల ముందే వేయించాలి. ధమనిని సిరతో కుడితే సిర లావెక్కుతుంది, మీద వేళ్లు పెడితే గుర్రుమంటుంది. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, సూది గుచ్చకూడదు. అసలు జబ్బు ముదురుతోందని తెలిసిన రోజు నుంచే, కుడిచేతివాటం వాళ్లు ఎడమ ముంజేతి సిరలను కాపాడుకోవాలి. జ్వరమొచ్చి సెలైన్ పెట్టేటప్పుడు నర్సమ్మకు ముందే చెప్పాలి: “ఆ చెయ్యి వద్దమ్మా, కుడిచేతికి, మణికట్టు దాటి అరచెయ్యి వెనక పెట్టండి.”