చంబలు నదిలో మొసళ్ల చావు

2007వ సంవత్సరము డిసెంబరు నెలలో ఉత్తర ప్రదేశ్‌లోని ఇటావా ప్రాంతమున, చంబలు నదిలో ఘరియాలు మొసళ్లు చచ్చి తేలుట మొదలైనది. 2008 మార్చి నాటికి చచ్చినవాని సంఖ్య నూరు దాటినది. నూరు మొసళ్లు చచ్చిన మనకేమి, స్నానము చేయువారికి పీడ వదలినదని శ్రోతలలో కొందరనుకొనవచ్చును. అది పొరపాటు. మన మంజీరా నదిలోని మగ్గరు మొసలికిని దీనికిని పోలిక తక్కువ. ఘరియాలు మూతి పట్టుకారువలె సన్నగా, పొడవుగా నుండును. అది చేపలను పట్టుటకే తగినది. మనుష్యుల జోలికి రాదు. ముదిరిన మగదాని మూతి కొనను చిన్న కుండవంటి బుడిపె యుండును. హిందీలో కుండను ‘ఘడా’ యందురు గనుక దానికా పేరు వచ్చినది. పిల్లలను చేయగల ఘరియాళ్లు లోకమంతటను రెండువందలకు లోపేయని 2006లో అంచనా వేసియుండిరి. చచ్చినవానిలో ఎక్కువ భాగము ఇంకను ఈడు రానివి. అనగా రాబోవు తరమునకు తల్లిదండ్రులు కావలసినవి.

కళేబరములను కోసి చూచిన పశువైద్యులకు కీళ్లలోను, లోపలి అవయవములమీదను సుద్దపొడివంటి తెల్లని పదార్థము పేరుకొని కనబడెను. అది యూరిక్ ఆమ్లము. మన పెద్దలలో కొందరికి కాలి బొటనవ్రేలు వాచి, దుప్పటి తగిలినను ఓర్వలేని బాధ పెట్టు గౌటు జబ్బుకు కారణము ఈ ఆమ్లమే.

ఇక్కడ మొసలి మూత్రపిండమును గూర్చి కొంత చెప్పక తప్పదు. తిన్న మాంసకృత్తులలో మిగిలిన వ్యర్థమును మనము ముఖ్యముగా యూరియాగా మార్చి, నీటితో కలిపి బయటికి పంపుదుము. మొసలి దానిని కొంత అమ్మోనియాగాను, కొంత యూరిక్ ఆమ్లముగాను విడుచును. యూరిక్ ఆమ్లము నీటిలో సులభముగా కరగదు. అందుచేత రక్తమును వడపోసినంత మాత్రమున అది పోదు. మూత్రపిండములోని సన్నని నాళికల గోడలయందున్న కణములు దానిని రక్తమునుండి లాగి మూత్రములోనికి నెట్టవలెను. ఈ కణములు చచ్చెనా, ఆమ్లము రక్తములో పెరిగి పెరిగి, తుదకు గుండెపొరమీదను, కాలేయముమీదను, కీళ్లలోను గడ్డకట్టును. పైగా అది చలికాలము. మొసలికి తన దేహమును తాను వెచ్చబరచుకొను శక్తి లేదు. చలిలో దాని మూత్రపిండములు మామూలుగానే మందగించును.

కణములను చంపినదేది? చచ్చిన ఘరియాళ్ల కాలేయ, మూత్రపిండములలో సీసము, కాడ్మియము కనబడినవి. అనుమానము వీనిమీదికి పోవుట సహజమే. బ్యాటరీలనుండియు, లోహములకు పూతపెట్టు కార్ఖానాలనుండియు కాడ్మియము నీటిలో చేరును. అది దేహములో ప్రవేశించినపుడు కాలేయము ఒక మాంసకృత్తుతో దానిని కట్టివేయును. ఇది ఆత్మరక్షణకై చేయు పని. కాని ఆ మూట రక్తముతో మూత్రపిండమునకు చేరి, నాళికల కణములలో దిగబడి, అక్కడ విప్పుకొనును. కావలి పెట్టిన చోటనే దొంగ దూరినట్లయినది! చైనా దేశపు చెరువు తాబేళ్లపై జరిపిన ప్రయోగములలోను కాడ్మియమువలన కాలేయ, మూత్రపిండ కణములు చెడుట కనబడినది.

సీసము దారి వేరు. దేహము దానిని సున్నపు ధాతువని భ్రమించి ఎముకలలో దాచుకొనును. దక్షిణాఫ్రికాలోని సెయింట్ లూసియా సరస్సున నైలు మొసళ్లు, గులకరాళ్లతోపాటు జాలరుల సీసపు గుండ్లనుకూడ మ్రింగుచున్నవి. కడుపులోని ఆమ్లము ఆ గుండ్లను మెల్లగా కరగించును. అక్కడి కొన్ని మొసళ్లకు రక్తహీనతయు, పండ్లు ఊడుటయు కనబడినవి. పండ్లు లేని మొసలి యెట్లు బ్రదుకును?

అయినను చంబలు హత్యానేరమును సీసకాడ్మియములమీదనే మోపుటకు మేము సాహసింపము. పరీక్షించినవారే తుదకు ఏకాభిప్రాయమునకు రాలేదు. మూత్రపిండములు చెడుటవలన చచ్చినవనుట నిశ్చయము. చెడగొట్టిన విషము పేరు తేలలేదు. చావులు చంబలు దిగువభాగమున, యమునతో కలియు చోటికి ఎగువనే జరిగినవి. చంబలు నీరు మన దేశపు పెద్దనదులలో శుభ్రమైనదని పేరు పొందినది. యమున ఢిల్లీ, మథుర, ఆగ్రా నగరముల మురుగును మోసికొని వచ్చును. నీరు ఎగువకు పారదు గాని, చేప ఎగువకు ఈదును. యమునలో మేసిన చేప చంబలులోనికి వచ్చి ఘరియాలు నోట పడవచ్చును. విషము ఈ దారినే వచ్చియుండునని పలువురు ఊహించిరి.

ఆ చావుల తరువాత, 2008లో పరిశోధకులు కొన్ని ఘరియాళ్ల తోకలపై చిన్న రేడియో యంత్రములను అమర్చిరి. అవి పంపు సంకేతములనుబట్టి, ఏ మొసలి ఏ ఋతువున ఎక్కడికి పోవునో, ఎంతదూరము ఈదునో గుర్తింపసాగిరి. మన యిండ్లలోని రేడియో పాటలు వినిపించును. ఆ రేడియో, మొసలి ఏ మడుగున చేపలు మేయుచున్నదో చెప్పును.