కె-జెట్రానిక్ వ్యవస్థలో ఇంధన పీడన పరీక్ష

పెట్రోలు కార్లలో ఇంధన సరఫరాను కంప్యూటర్లు నియంత్రించడం సర్వసాధారణం కాకముందు ఆ పనిని ప్రధానంగా యాంత్రిక పద్ధతిలో నిర్వహించిన వ్యవస్థలలో బాష్ సంస్థ రూపొందించిన కె-జెట్రానిక్ ప్రసిద్ధమైనది. 1973లో పోర్షా 911తో వాడుకలోకి వచ్చిన ఈ వ్యవస్థను తరువాతి కాలంలో మెర్సిడెస్-బెంజ్, ఆడి, వోల్వో కార్లలోనూ అమర్చారు. పేరులోని ‘కె’ నిరంతరమనే అర్థమిచ్చే జర్మన్ పదానికి సంక్షిప్తరూపం. ఇంజిను నడుస్తున్నంతసేపూ ఇంజెక్టర్లు ఎడతెగకుండా ఇంధనాన్ని చిమ్ముతూ ఉండడమే ఆ పేరుకు ఆధారం.

ఇంజిను పీల్చుకునే గాలి ఒక పళ్లేన్ని కదిలిస్తుంది. దానికి కలిపిన మీట ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్‌లోని ప్లంజరును పైకి నెడుతుంది. ప్లంజరు లేచినకొద్దీ ఇంజెక్టర్లకు చేరే ఇంధనం పెరుగుతుంది. అయితే ప్లంజరు పైభాగాన మరొక పీడనం దానిని కిందికి అదుముతూ ఉంటుంది. దీనినే నియంత్రణ పీడనం అంటారు. ఇది తగ్గితే ప్లంజరు సులువుగా లేచి మిశ్రమం చిక్కబడుతుంది, పెరిగితే పలచబడుతుంది. పీడనం పెరిగితే ఇంధనమూ పెరుగుతుందనే సహజమైన ఊహ ఇక్కడ తలకిందులవుతుంది. ఈ విలోమ సంబంధాన్ని గుర్తించకపోతే గేజి సరైన అంకెనే చూపినా నిర్ధారణ తప్పుతుంది. లోపం లేని ఖరీదైన డిస్ట్రిబ్యూటరును మార్చవలసివస్తుంది.

పరీక్షకు వాల్వు గల గేజిని డిస్ట్రిబ్యూటరుకూ నియంత్రణ పీడన రెగ్యులేటరుకూ మధ్య కలపాలి. వాల్వు రెగ్యులేటరు వైపు ఉండాలి. బిగింపులు వదులు చేసేటప్పుడు పెట్రోలు చిమ్ముతుంది కనుక ఇంజిను చల్లగా ఉండడం, అగ్నిమాపక సాధనం చేతికందేలా ఉండడం తప్పనిసరి. తరువాత రిలేను తప్పించి, ఇంజిను నడపకుండా పంపును మాత్రమే నడపాలి.

వాల్వు మూసినప్పుడు కనిపించేది వ్యవస్థా పీడనం. తొలి నమూనాలలో ఇది సుమారు 5 బార్. తక్కువగా ఉంటే పీడన సర్దుబాటుకు పూనుకోకముందే పంపు సరఫరానూ ఫిల్టరునూ పరిశీలించడం ఉచితం. వాల్వు తెరిస్తే నియంత్రణ పీడనం తెలుస్తుంది. రెగ్యులేటరు విద్యుత్ తీగను ముందుగా ఊడదీసి చల్లని స్థితిలోని విలువను చూడాలి. ఇది పరిసర ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది కాబట్టి ఆ నమూనాకు ఇచ్చిన పట్టికతో పోల్చకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు. తీగను తిరిగి తగిలించాక లోపలి ద్విలోహపు పట్టీ వేడెక్కి, పీడనం కొన్ని నిమిషాలలో సుమారు 3.5 బార్ దాకా పెరగాలి. పెరగకపోతే వేడెక్కిన ఇంజినుకు కూడా చిక్కని మిశ్రమమే అంది నల్లని పొగ వస్తుంది.

మూడవది అవశేష పీడనం. తరచూ నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. పంపు ఆపగానే పీడనం ఇంజెక్టర్లు తెరుచుకునే స్థాయికంటే కొంచెం దిగువకు పడి, అక్కడ నిలవాలి. నిలవకపోతే వేడికి గొట్టాలలో ఇంధనం ఆవిరై, కాసేపు ఆపిన కారు మళ్లీ స్టార్టు కావడానికి మొరాయిస్తుంది. చల్లారాక అదే కారు మామూలుగా స్టార్టు కావడం వల్ల లోపం జ్వలన వ్యవస్థలో ఉందని భ్రమపడడం కద్దు. 10, 20 నిమిషాల వ్యవధిలో గేజిని చూడాలి. పీడనం పడిపోతుంటే వాల్వు మూసి పరీక్షను పునరావృతం చేయాలి. అప్పుడు నిలిస్తే కారుడు నియంత్రణ మార్గంలో ఉన్నట్లు. అప్పటికీ పడిపోతుంటే పంపులోని ఏకదిశా వాల్వు, అక్యుములేటరు, చల్లని స్టార్టు వాల్వు, ఇంజెక్టర్లు ఒక్కొక్కటిగా పరిశీలనకు వస్తాయి.