రెండు పొరల మొగులు, మూడు లెక్కలు

పుష్యమాసంలో ఆదిలాబాద్‌లో మొగులైన రాత్రి చలిమంట అంత అవసరం పడదు. అదే మొగులు పగలు పడితే మధ్యాహ్నం దాకా స్వెట్టర్ విప్పబుద్ధి కాదు. రాత్రి కాపాడేదీ, పగలు వణికించేదీ ఒకే మొగులు.

భూగోళం మొత్తం మీద సగటు తీస్తే, మేఘాలు చదరపు మీటరుకు సుమారు 47 వాట్ల ఎండను వెనక్కి కొడతాయి, సుమారు 28 వాట్ల వేడిని బయటికి పోనివ్వవు. తేడా దాదాపు 20 వాట్లు, చల్లదనం వైపే. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే చేరే అదనపు వేడి 4 వాట్లే. అందుకే మేఘాల లెక్కలో చిన్న పొరపాటైనా పెద్దదే.

ఇందులో అసలు కీలకం ఎత్తు. 27 డిగ్రీల నేల చదరపు మీటరుకు 459 వాట్ల వేడిని పైకి పంపుతుంది. 15 డిగ్రీలుండే కింది మొగులు 390 పంపుతుంది. అది వేడిని పెద్దగా ఆపదు, ఎండను మాత్రం బాగా కొడుతుంది. మైనస్ 60 డిగ్రీల దగ్గరుండే దట్టమైన పై మొగులు పంపేది 117 మాత్రమే. అదే ఎత్తులో దూదిపింజలా పలచగా ఉండేదైతే ఎండను వదిలేసి వేడిని పట్టి ఉంచుతుంది. కింద దట్టంగా, పైన పలచగా రెండూ ఉంటే? ఎండను కిందిది ఎలాగూ కొట్టేసింది, పైది చేసే పనల్లా వేడిని ఆపడమే.

మన వానాకాలం మాత్రం వేరు. ఉష్ణమండలంలోని మిగతా చోట్ల ఎత్తైన మేఘాల చలువా వేడీ దాదాపు సరిపోతాయి. ఆసియా రుతుపవన ప్రాంతంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా చలువదే పైచేయి అనీ, అది 30 వాట్లు దాటుతుందనీ 2000లో శాస్త్రవేత్తలు ఎం. రాజీవన్, జె. శ్రీనివాసన్ చూపించారు.

ఈ మేఘాలన్నిటినీ లెక్కగట్టాల్సిన కంప్యూటర్ వాతావరణ నమూనాలు భూమిని గడులుగా కోస్తాయి. చాలావాటిలో గడి వెడల్పు సుమారు 100 కిలోమీటర్లు. ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కు నేరుగా గీత గీస్తే 150. అంటే ఇంత నేలా, ఇంత ఆకాశమూ కలిపి ఒకటిన్నర గడి! ఒక గడిలో కింద సగం, పైన సగం మొగులుందనుకుందాం. పైది సరిగ్గా కిందిదాని మీదే ఉంటే మూసుకునేది 50 శాతం. ఎటుపడితే అటు ఉంటే 75. ఒకటి లేనిచోటే రెండోది ఉంటే 100. మేఘాలు అవే, నేలకు దిగే ఎండ వేరు. ఒకదానికొకటి ఆనుకున్న పొరలు సరిగ్గా ఒకదానిపై ఒకటి ఉంటాయనీ, మధ్యలో ఖాళీ ఉన్నవి ఎటుపడితే అటు ఉంటాయనీ చాలా నమూనాలు అనుకుంటాయి.

మామూలు ఉపగ్రహ కెమెరాకు దట్టమైన పై పొర కింద ఏముందో కనబడదు. రాడార్‌తో క్లౌడ్‌శాట్, లేజర్‌తో కాలిప్సో అనే ఉపగ్రహాలు 2006 ఏప్రిల్ 28న ఒకే రాకెట్‌లో వెళ్లాకే ప్రపంచమంతటా పొరలను విడదీసి చూడగలిగాం. 2024 మే 28న వెళ్లిన ఎర్త్‌కేర్ ఉపగ్రహంలో ఆ రెండు రకాల పరికరాలూ ఒకేచోట ఉన్నాయి. ఇంత శ్రమ ఎందుకు? కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి 2.5 నుంచి 4 డిగ్రీలు వేడెక్కవచ్చని 2021 ఐపీసీసీ నివేదిక అంచనా. ఆ ఒకటిన్నర డిగ్రీల తేడాలో పెద్ద వాటా మేఘాలదే.