బల్లమీది రైలుకు అంత దూరం ఎక్కడిది?

నమూనా రైళ్లలో బాగా వాడుకలో ఉన్న కొలత హెచ్.ఓ. అంటే అసలు రైలులో 87వ వంతు. ఈ లెక్కన ఒక కిలోమీటరు చూపాలంటే పదకొండున్నర మీటర్ల బల్ల కావాలి. మీ బల్ల వెడల్పు 75 సెంటీమీటర్లు అనుకోండి. దానిమీద పట్టేది 65 మీటర్ల నేల మాత్రమే! స్టేషను, నాలుగిళ్లు కట్టేసరికి గోడ అడ్డొస్తుంది. మరి ఆ గోడ దగ్గర కొండలున్నాయని కన్ను ఎలా నమ్ముతుంది?

కన్ను దూరాన్ని టేపుతో కొలవదు. ఆనవాళ్లను బట్టి అంచనా వేస్తుంది. తెలిసిన వస్తువు చిన్నదిగా కనిపిస్తే దూరంగా ఉందనుకుంటాం. అందుకే వెనక వరుసలో ఎన్. కొలత ఇళ్లు, అంటే 160వ వంతువి పెడతారు. కంటికి మీటరున్నర దూరంలో ఉన్న హెచ్.ఓ. ఇల్లు, 130 మీటర్ల అవతలి అసలు ఇల్లంత కనిపిస్తుంది. అదే చోట ఎన్. ఇల్లు పెడితే 240 మీటర్ల అవతల ఉన్నట్లుంటుంది. బల్ల అంగుళం కూడా పెరగలేదు! అయితే ముందున్న రైలు ఆ చిన్న ఇంటి పక్కకు పోకూడదు. పోయిందా, ఇల్లు కాస్తా బొమ్మరిల్లవుతుంది. అందుకని పట్టాలను ముందుగానే సొరంగంలోకి మళ్లిస్తారు.

ఇక రంగు. రైలు కిటికీలోంచి చూసినప్పుడు దగ్గరి చెట్లు ముదురు పచ్చగా, దూరపు కొండలు లేత నీలంగా ఉండటం మీరు గమనించే ఉంటారు. మనకూ కొండకూ మధ్యనున్న గాలి అణువులు సూర్యకాంతిలోని నీలాన్ని ఎక్కువగా పరిక్షేపిస్తాయి. ఆ నీలం కొండ రంగుమీద పొరలా పరచుకుంటుంది. నీడలు సైతం వెలిసిపోతాయి. బల్లమీద అంత గాలి లేదు కనుక ఆ పని కుంచె చేయాలి. వెనక్కి పోయేకొద్దీ రంగుల్లో తెలుపు, కాస్త నీలం కలపండి. చాలామంది తెరమీది కొండకు ముదురు ఆకుపచ్చ పూస్తారు. అది ముందుకు దూకినట్లుంటుంది.

క్షితిజరేఖ ఎప్పుడూ చూసేవారి కంటి ఎత్తులోనే ఉంటుంది. బల్ల మోకాలెత్తున ఉంటే విమానంలోంచి చూసినట్లే. ఛాతీ ఎత్తు మేలు. చెట్లను తెరకు ఆనించి పెట్టకండి. ఆకాశంమీద చెట్టు నీడ పడితే గుట్టు రట్టవుతుంది.

అసలు చిక్కు మన రెండు కళ్లతోనే. దగ్గరి వస్తువును అవి వేర్వేరు కోణాల్లో చూసి దూరం పసిగడతాయి. ఒక కన్ను మూసి చూడండి, దృశ్యం ఇంకా లోతుగా కనిపిస్తుంది. కెమెరాది ఒంటికన్నే. అమెరికాలో మాంటెరీ పట్టణంలో 'గోరీ అండ్ డిఫీటెడ్' అనే నమూనా రైలుమార్గం నిర్మించిన జాన్ ఆలెన్ స్వయంగా ఫొటోగ్రాఫరు. 1973 జనవరిలో ఆయన మరణించిన కొద్ది రోజులకే అది అగ్నిప్రమాదంలో నాశనమైంది. ఫొటోలు మిగిలాయి. స్థలం పెరిగినట్లు చూపడానికి ఆయన అద్దాలు కూడా వాడాడు. మీరూ ప్రయత్నించవచ్చు. కాకపోతే అద్దం అంచును చెట్లతో కప్పండి, అందులో మీ ముఖం కనిపించకుండా కాస్త వాల్చి పెట్టండి.